సర్క్యూట్ డయాగ్రంలో పిన్ బాణాలు తప్పు చదవకుండా ఉండాలంటే

"అన్నా, బాణం బయటికి చూపిస్తుంది కదా, మరి కరెంటు లోపలికి ఎట్ల పోతది?"

నల్లగొండలో మా రిపేరు షాపుకు వచ్చే పాలిటెక్నిక్ పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. దాని వెనకాలే వచ్చేది "టీఎక్స్‌ని టీఎక్స్‌కే కలపాలా, ఆర్ఎక్స్‌కి కలపాలా?" అన్నది (టీఎక్స్ అంటే సమాచారం పంపే పిన్, ఆర్ఎక్స్ అంటే అందుకునే పిన్). సెల్ స్టార్టర్ (ఫోన్ కొడితే బోరు మోటారు వేసే డబ్బా) బోర్డులు రిపేరు చేసే కుర్రాళ్లు కూడా, మాటలు వేరైనా, ఇదే అడుగుతారు. అన్నిటికీ మూలం ఒకటే. ఐసీ (చిప్) పిన్ దగ్గర గీసిన చిన్న గుర్తును ఎలా చదవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

రెసిస్టర్, కెపాసిటర్, ట్రాన్సిస్టర్ బొమ్మలు గుర్తుపట్టగలిగితే ఈ వ్యాసం చదవడానికి చాలు.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డయాగ్రం ప్రింటవుట్. ఫోన్‌లో జూమ్ చేస్తూ చదివితే తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చిక్కదు. ఏ3 సైజులో తీయించుకుంటే ఇంకా మేలు.
- ఐసీ మీద ఉన్న పూర్తి నంబరుకు డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం). "దాదాపు అలాంటిదే" పనికిరాదు. ప్యాకేజీ (ఐసీ బయటి రూపం) మారితే పిన్ నంబర్లు మారే ఐసీలు చాలా ఉన్నాయి.
- ఎరుపు, నీలం, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు, ఒక పెన్సిల్.
- మల్టీమీటర్, 10కే (10 కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు రెండు, 1కే రెసిస్టర్లు నాలుగైదు.
- భూతద్దం. లేకపోతే ఫోన్ కెమెరా.

పొలాల నుంచి వచ్చే బోర్డుల్లో చాలావాటికి డయాగ్రమే దొరకదు. అప్పుడు మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఏ పిన్ ఎక్కడికి పోతుందో మనమే కాగితం మీద గీసుకోవాలి. గంట పడుతుంది. ఆ గంట పెట్టకుండా ఐసీలు మారుస్తూ పోతే పూట గడిచిపోతుంది.

ఒక జాగ్రత్త. స్టార్టర్ డబ్బాలో ఉండేది 415 వోల్టుల త్రీ ఫేజ్. బోర్డును డబ్బాలోంచి బయటికి తీసి, బల్ల మీద 12 వోల్టుల అడాప్టర్‌తోనే పరీక్షించండి. బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ కనిపించకుండా, మెయిన్స్ దారిలో పెద్ద కెపాసిటర్ ఉంటే మరీ జాగ్రత్త. అలాంటి బోర్డుకు మెయిన్స్ ఇస్తే దాని గ్రౌండ్ తీగే షాక్ కొట్టొచ్చు.

2. బాణం దేని గురించి చెబుతోంది?

పిన్ మీద బాణాన్ని ఆ ఐసీ వైపు నుంచి చూసి గీస్తారు. ఇన్‌పుట్ అంటే ఆ ఐసీకి ఇన్‌పుట్. మీ బోర్డుకో, పక్క ఐసీకో కాదు.

ఇక ఆ బాణం చూపేది సమాచారం ఎటు పోతోందన్నది. ఈ తీగ మీద వోల్టేజీ పైన (హై) ఉండాలా కింద (లో) ఉండాలా అన్న మాట ఎవరిది, ఆ మాట వినేది ఎవరు, అంతవరకే. కరెంటు ఎటు పారుతుందో ఆ బాణం చెప్పదు.

నాకు ఇది డబ్బులు పోగొట్టుకున్నాక తెలిసింది. వరినాట్ల సమయంలో చండూరు వైపు నుంచి ఒక పెద్దాయన సెల్ స్టార్టర్ బోర్డు తెచ్చాడు. ఫోన్ కొడితే లైటు వెలుగుతుంది గానీ రిలే (కాయిల్‌తో పడే స్విచ్) పడటం లేదు. "సాయంత్రం వరకు గావాలె బిడ్డా, మడి ఎండుతుంది" అని బయట బల్ల మీద కూర్చున్నాడు. రిలేను నడిపే ఐసీ యూఎల్ఎన్2003. మీటర్ పెట్టి చూస్తే 1వ పిన్ మీద 5 వోల్టులు ఉన్నాయి, దాని అవుట్‌పుట్ అయిన 16వ పిన్ మీద సున్నా. ఇన్‌పుట్ వస్తోంది, అవుట్‌పుట్ రావట్లేదు, ఐసీ పోయింది అనుకున్నా. మార్చా. మళ్లీ అదే. ఇది నకిలీ ముక్కేమో అనుకుని ఇంకొకటి వేశా. మళ్లీ అదే.

అప్పుడు గానీ డేటాషీట్ తెరవలేదు. అందులో ప్రతి అవుట్‌పుట్ మొదట్లో చిన్న సున్నా గుర్తు ఉంది. వివరణలో ఓపెన్ కలెక్టర్ అని ఉంది. అంటే ఆ పిన్ పైకి వోల్టేజీ ఇవ్వదు, చెప్పినప్పుడు గ్రౌండ్ వైపు లాగుతుంది. రిలే కాయిల్ ఒక కొస 12 వోల్టులకు, రెండో కొస 16వ పిన్‌కు ఉంటుంది. ఐసీ "పడు" అన్నప్పుడు 16వ పిన్ ఒక వోల్టు దగ్గరికి దిగాలి. అననప్పుడు కాయిల్ గుండా వచ్చిన 12 వోల్టులు అక్కడ కనిపించాలి. నా బోర్డులో రెండు సందర్భాల్లోనూ సున్నాయే. అంటే కాయిల్ గుండా 12 వోల్టులు రావడమే లేదు. రిలేను తిరగేసి భూతద్దంతో చూస్తే కాలు చుట్టూ సోల్డర్ సన్నగా ఉంగరంలా చీలి ఉంది. ఒక చుక్క సోల్డర్ పెట్టగానే టక్కుమంది. రెండు ఐసీలు, రెండు గంటలు దండగ.

ఇక్కడ బాణం బయటికే, కరెంటు మాత్రం కాయిల్ నుంచి ఐసీ లోపలికి. రెండూ నిజమే.

3. గుర్తులు ఒక్కొక్కటిగా

బాణాలు అన్ని డయాగ్రాల్లో ఉండవు. చాలా కంపెనీల డేటాషీట్లలో ఐసీ ఉత్త పెట్టెలా ఉంటుంది. అప్పుడు పిన్‌ల పట్టికలో ఐ, ఓ, ఐ/ఓ, పీ అనే అక్షరాలున్న గడి చూడాలి. ఐ ఇన్‌పుట్, ఓ అవుట్‌పుట్, ఐ/ఓ రెండు వైపులా, పీ పవర్. ఇన్‌పుట్‌లు ఎడమన, అవుట్‌పుట్‌లు కుడిన పెట్టడం గీసేవాళ్ల అలవాటు మాత్రమే. దాన్ని నమ్ముకుని వైర్లు కలపొద్దు.

ఇన్‌పుట్: బాణం మొన పెట్టె వైపు. ఈ పిన్ వింటుంది.

అవుట్‌పుట్: మొన పెట్టె నుంచి బయటికి. ఈ పిన్ మాట్లాడుతుంది. మామూలు అవుట్‌పుట్ వోల్టేజీని పైకి నెట్టగలదు, కిందికీ లాగగలదు.

రెండు వైపులా: రెండు మొనల బాణం. ఒక్కోసారి మాట్లాడుతుంది, ఒక్కోసారి వింటుంది. ఎప్పుడు ఏదో ఇంకో పిన్ గానీ ప్రోగ్రాం గానీ నిర్ణయిస్తుంది. 74హెచ్‌సీ245లో 1వ పిన్ వోల్టేజీ పైన ఉంటే సమాచారం "ఏ" (A) వైపు నుంచి "బీ" (B) వైపుకు, కింద ఉంటే "బీ" నుంచి "ఏ" వైపుకు పోతుంది. అందుకే రెండు మొనల బాణం కనబడగానే దాన్ని తిప్పే పిన్ ఎక్కడుందో వెతకాలి.

ట్రై-స్టేట్: పెట్టె లోపల, పిన్ పక్కన తలకిందులుగా ఉన్న చిన్న త్రిభుజం. ఈ అవుట్‌పుట్ పైకి, కిందికి మాత్రమే కాక మౌనంగా కూడా ఉండగలదు. 74హెచ్‌సీ595లో 13వ పిన్ పైన ఉంటే ఎనిమిది అవుట్‌పుట్‌లూ మౌనం. అయితే తర్వాతి ఐసీకి పోయే 9వ పిన్‌కు ఆ త్రిభుజం ఉండదు, అది ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది. ఒకే ఐసీలో రెండు రకాలు.

ఓపెన్ కలెక్టర్, ఓపెన్ డ్రెయిన్: పెట్టె లోపల డైమండ్ ఆకారం, దాని కింద అడ్డగీత. ఇది కిందికి మాత్రమే లాగుతుంది. పైకి తేవడానికి బయట పుల్-అప్ రెసిస్టర్ (పిన్‌ను పవర్‌కు కలిపే రెసిస్టర్) మనం పెట్టాలి. గీత డైమండ్ పైన ఉంటే ఓపెన్ ఎమిటర్, అది పైకి మాత్రమే నెడుతుంది.

చిన్న సున్నా: దీన్నే బబుల్ అంటారు. ఇది దిశ చెప్పదు. తలకిందులు అని చెబుతుంది. ఇన్‌పుట్ మీద ఉంటే ఆ పిన్ కింద ఉన్నప్పుడు పని జరుగుతుంది. పేరు మీద అడ్డగీత, పేరు ముందు ఏటవాలు గీత, పేరు చివర హ్యాష్ గుర్తు, ఇవన్నీ సాధారణంగా ఇదే సంగతి చెబుతాయి. సున్నా, పేరు మీద గీత రెండూ ఉంటే రెండుసార్లు తిరగేసినట్టు అనుకోకండి. ఎక్కువ డేటాషీట్లలో ఆ రెండూ ఒకే మాటను రెండుచోట్ల చెప్పడమే. అనుమానం ఉంటే, ఏ ఇన్‌పుట్‌కు ఏ అవుట్‌పుట్ వస్తుందో చూపే ట్రూత్ టేబుల్‌లో ఒక్క వరస చూడండి, తేలిపోతుంది.

పాత పద్ధతిలో గీసిన కొన్ని డయాగ్రాల్లో సున్నా బదులు పిన్ గీత మీద సగం బాణంలా వాలుగా చిన్న గీత ఉంటుంది. దాని అర్థమూ "కింద ఉంటే పని" అనే.

క్లాక్: పెట్టె అంచును ఆనుకుని లోపలికి మొన తిరిగిన త్రిభుజం. ఈ పిన్ వోల్టేజీ ఎంతుందో చూడదు, మారే క్షణాన్ని చూస్తుంది. బయట సున్నా కూడా ఉంటే కిందికి దిగే క్షణాన్ని.

పవర్ పిన్‌లు: కరెంటు తీసుకునేది పవర్ ఇన్‌పుట్, ఇచ్చేది పవర్ అవుట్‌పుట్. 7805లో 1వ కాలు ఇన్‌పుట్, 2 గ్రౌండ్, 3 అవుట్‌పుట్. ఏఎంఎస్1117లో 1 గ్రౌండ్, 2 అవుట్‌పుట్, 3 ఇన్‌పుట్. "రెండూ మూడు కాళ్ల రెగ్యులేటర్లే కదా" అని పాత అలవాటుతో పెడితే పొగ వస్తుంది.

పాసివ్: రెసిస్టర్, కనెక్టర్ లాంటివి. వీటికి సొంత మాట లేదు.

ఎన్‌సీ: ఐసీ పిన్ దగ్గర ఉంటే అక్కడ ఏమీ కలపక్కర్లేదని. రిలే దగ్గర ఉంటే నార్మల్లీ క్లోజ్డ్ అని, అంటే రిలే పడనప్పుడు కలిసి ఉండే కాంటాక్ట్. ఒకే రెండక్షరాలు, రెండు అర్థాలు. రిలేలో దీన్ని తప్పు చదివితే మెయిన్ వేసిన వెంటనే మోటారు తిరుగుతుంది.

4. పిన్ బాణాలు కాని బాణాలు

డయోడ్ త్రిభుజం, ట్రాన్సిస్టర్ ఎమిటర్ మీది బాణం నిజంగానే కరెంటు పారే వైపు చూపిస్తాయి. ఎన్‌పీఎన్‌లో బయటికి, పీఎన్‌పీలో లోపలికి. అయోమయం ఇక్కడే పుడుతుంది. పుస్తకంలో మొదట నేర్చుకున్న బాణాలు ఇవి, అదే అర్థాన్ని ఐసీ పిన్‌లకూ తగిలిస్తాం.

ఎల్ఈడీ పక్కన బయటికి పోయే జంట బాణాలు వెలుతురు, ఫోటో డయోడ్ పక్కన లోపలికి వచ్చేవీ వెలుతురే. రెసిస్టర్‌ను ఏటవాలుగా కోస్తున్న బాణం, తిప్పి విలువ మార్చుకునే వేరియబుల్ రెసిస్టర్.

ఇంకొకటి, తీగ చివర జెండాలా ఉండే లేబుల్. దాని మొన తీగ వైపు ఉంటే సిగ్నల్ ఈ పేజీలోకి వస్తోంది, అవతలి వైపు ఉంటే ఈ పేజీ నుంచి పోతోంది. ఇక్కడ చూపు ఐసీది కాదు, పేజీది.

5. చదివే క్రమం

మొదటి అడుగు: ఎరుపు పెన్నుతో పవర్, గ్రౌండ్ పిన్‌లన్నీ గుర్తుపెట్టండి. ఇవి పక్కకు పోతే బొమ్మ సగం ఖాళీ అవుతుంది.

రెండో అడుగు: అవుట్‌పుట్ పిన్‌లన్నిటి మీద నీలం చుక్క. ఓపెన్ కలెక్టర్ అయితే చుక్క చుట్టూ గడి గీయండి.

మూడో అడుగు: ఇన్‌పుట్‌లకు ఆకుపచ్చ చుక్క. రెండు వైపులా పోయేవాటికి పెన్సిల్‌తో రెండు మొనల బాణం.

నాలుగో అడుగు అసలు పని. ఒక్కో తీగను వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్లండి. దాని మీద ఎన్ని నీలం చుక్కలున్నాయో లెక్కపెట్టండి.

- ఒక నీలం, ఎన్ని ఆకుపచ్చలైనా: సరిగా ఉంది.
- రెండు మామూలు నీలాలు: ప్రమాదం. ఒకటి పైకి నెడుతుంటే ఇంకొకటి కిందికి లాగుతుంది, రెండూ వేడెక్కుతాయి.
- అన్నీ గడి గీసిన నీలాలే: ఫరవాలేదు, కానీ పుల్-అప్ ఉందా చూడండి.
- రెండు ట్రై-స్టేట్ నీలాలు: ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదాన్ని ఏ పిన్ మౌనంగా ఉంచుతోందో చూపించగలగాలి.
- నీలమే లేదు: స్విచ్, సెన్సర్, రెసిస్టర్, కనెక్టర్ ఏదో ఒకటి ఆ తీగకు మాట ఇస్తూ ఉండాలి. అదీ లేకపోతే ఆ ఇన్‌పుట్ గాలిలో వేలాడుతోంది.

ఐదో అడుగు: సున్నాలున్న పిన్‌లకు పక్కన పెన్సిల్‌తో "కింద = పని" అని రాసుకోండి. రాసుకోకపోతే రాత్రి పదకొండుకు ప్రోగ్రాం రాసేటప్పుడు తలకిందులవుతుంది.

6. ఒక ఐసీ మీద చేసి చూద్దాం: 555

12 వోల్టుల మీద, లైటు ఆరుతూ వెలుగుతూ ఉండే మామూలు 555 టైమర్ ఐసీ సర్క్యూట్ తీసుకోండి. 8వ పిన్, 1వ పిన్ ఎరుపు. 3వ పిన్ నీలం. 2, 4, 5, 6 ఆకుపచ్చ. 7వ పిన్ నీలం, చుట్టూ గడి, ఎందుకంటే అది లోపలి ట్రాన్సిస్టర్ కలెక్టర్.

4వ పిన్ రీసెట్, దాని మీద సున్నా. కింద ఉంటే రీసెట్ అవుతుంది కాబట్టి 12 వోల్టులకు కట్టేశారు. "రీసెట్ వాడట్లేదు కదా" అని దాన్ని గ్రౌండ్ చేసిన బోర్డు ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఐసీ బాగానే ఉంది, ఎప్పుడూ రీసెట్‌లోనే కూర్చుంది.

2, 6 పిన్‌లను కలిపిన తీగ చూడండి. రెండూ ఆకుపచ్చే, నీలం లేదు. మరి మాట ఎవరిది? ఆ తీగకు కట్టిన కెపాసిటర్‌ది. పైనున్న రెసిస్టర్లు దాన్ని నింపుతాయి, 8 వోల్టులకు రాగానే 7వ పిన్ రెసిస్టర్ గుండా ఖాళీ చేస్తుంది, 4 వోల్టులకు దిగగానే వదిలేస్తుంది. మీటర్ ముల్లుదైతే, వేగం తక్కువగా ఉంటే, ఆ ఊగడం కంటికే కనిపిస్తుంది.

ఇప్పుడు 5వ పిన్ మీద మీటర్ పెట్టండి. బాణం లోపలికే ఉంది, బయట చిన్న కెపాసిటర్ తప్ప ఏమీ లేదు. అయినా 8 వోల్టుల దగ్గర చూపిస్తుంది. లోపల మూడు సమాన రెసిస్టర్లు వరసగా ఉండి, మూడింట రెండు వంతుల వోల్టేజీ అక్కడ నిలబెడతాయి. బయట నుంచి వోల్టేజీ ఇచ్చి మార్చుకోవడానికి ఆ పిన్ వదిలారు, అందుకే అది ఇన్‌పుట్. ఇన్‌పుట్ పిన్ మీద వోల్టేజీ కనబడగానే "ఇది అవుట్‌పుట్" అనే తీర్పు ఇవ్వకూడదని చూపడానికి దీనికంటే మంచి పిన్ నాకు దొరకలేదు.

7. రెండు బోర్డులు కలిపేటప్పుడు

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకున్న మాడ్యూల్‌కు డయాగ్రం ఉండదు, పిన్‌ల మీద రెండు మూడు అక్షరాలు ఉంటాయి, అంతే.

టీఎక్స్, ఆర్ఎక్స్: పేరు ఎవరి పిన్ మీద ఉంటే వాళ్ల చూపు. కంట్రోలర్ (ప్రోగ్రాం నడిపే ఐసీ) టీఎక్స్ మాట్లాడుతుంది, మాడ్యూల్ ఆర్ఎక్స్ వింటుంది. కాబట్టి అడ్డంగా మార్చి కలపాలి. అయితే పాత సీరియల్ కేబుల్ తొమ్మిది పిన్‌ల లోకంలో పేర్లన్నీ కంప్యూటర్ చూపుతో పెట్టారు. మోడెమ్ మీద 3వ పిన్ పేరు టీఎక్స్‌డీ అయినా మోడెమ్‌కు అది ఇన్‌పుట్. అందుకే పేరును కాదు, డేటాషీట్‌లో దిశ గడిని నమ్మండి.

ఎస్‌పీఐ: ఇది ఐసీల మధ్య సమాచారం పంపే ఒక పద్ధతి. మోసి (మాస్టర్ అవుట్, స్లేవ్ ఇన్) అని ఉన్నదాన్ని మోసికే, మిసోని (మాస్టర్ ఇన్, స్లేవ్ అవుట్) మిసోకే కలపాలి. ఆ పేర్లలోనే ఎవరి నుంచి ఎవరికో ఉంది. డీఐ (డేటా ఇన్), డీఓ (డేటా అవుట్) అని ఉంటే మాత్రం మళ్లీ అడ్డంగా మార్చాలి.

ఐ2సీ: ఇదీ అలాంటి పద్ధతే. రెండు తీగలూ ఓపెన్ డ్రెయిన్. పేరుకు పేరు కలిపి, ఒక్కోదానికి 4.7కే లాంటి పుల్-అప్ ఉందో లేదో చూడండి.

మ్యాక్స్232 (5 వోల్టుల సిగ్నల్‌ను సీరియల్ కేబుల్ వోల్టేజీకి, అటు నుంచి ఇటూ మార్చే ఐసీ): 11వ పిన్‌లోకి 5 వోల్టుల సిగ్నల్ ఇస్తే 14వ పిన్ నుంచి సీరియల్ సిగ్నల్ వస్తుంది. 13లోకి సీరియల్ ఇస్తే 12 నుంచి 5 వోల్టుల సిగ్నల్. రెండు దారులు, ఎదురెదురు. కంట్రోలర్ కాలును పొరపాటున 14కి కట్టారా, అక్కడ ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ వోల్టేజీ ఉంటుంది, కంట్రోలర్ కాలు పోతుంది.

నీళ్ల ట్యాంకు మట్టం చూసే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్‌లో ట్రిగ్ దానికి ఇన్‌పుట్, ఎకో దాని అవుట్‌పుట్. ఎకో 5 వోల్టులు ఇస్తుంది. 3.3 వోల్టుల కంట్రోలర్ అయిన ఈఎస్‌పీ32కి నేరుగా కలపకుండా మధ్యలో 1కే, గ్రౌండ్‌కు 2కే పెడితే 3.3 దగ్గరికి వస్తుంది. దిశ సరిగా ఉంటే సరిపోదు, మాట్లాడేవాడి గొంతు వినేవాడి చెవికి తగ్గట్టు ఉండాలి.

పేరే లేని పిన్ దిశ తెలుసుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది. బోర్డుకు పవర్ ఇచ్చి, ఆ పిన్ మీద మీటర్ పెట్టండి. 10కే రెసిస్టర్ ఒక కొసను ఆ పిన్‌కు, రెండో కొసను మొదట గ్రౌండ్‌కు, తర్వాత ఆ ఐసీ పవర్ వోల్టేజీకి తాకించండి.

- రెండుసార్లూ వోల్టేజీ దాదాపు కదలకపోతే: మాట్లాడుతున్న అవుట్‌పుట్.
- రెసిస్టర్ ఎటు లాగితే అటు పోతే: ఇన్‌పుట్, లేదా మౌనంగా ఉన్న అవుట్‌పుట్, లేదా ఆ క్షణంలో వదిలేసిన ఓపెన్ కలెక్టర్.

ఖాళీగా ఉన్న టీఎక్స్ పైన నిలబడి ఉంటుంది, 10కేతో కిందికి లాగినా దిగదు. ఆర్ఎక్స్ సాధారణంగా దిగిపోతుంది. 3.3 వోల్టుల ఐసీకి 5 వోల్టులు తాకించకండి. అప్పటికీ అనుమానం తీరకపోతే మొదటిసారి కలిపేటప్పుడు మధ్యలో 1కే పెట్టండి. 5 వోల్టులు దాటని ఐసీలైతే, తప్పైనా 5 మిల్లీ ఆంపియర్లు దాటవు, ఏదీ కాలదు.

8. తరచూ చూసే తప్పులు, వాటికి మందు

పుల్-అప్ మర్చిపోవడం. ఎల్ఎం393 (రెండు వోల్టేజీలను పోల్చే ఐసీ) అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్. మట్టి తేమ సెన్సర్ సొంతంగా బ్రెడ్‌బోర్డు మీద కట్టినవాళ్లు "అవుట్‌పుట్ ఎప్పుడూ సున్నాయే" అంటారు. 1వ పిన్ నుంచి పవర్‌కు 10కే పెట్టగానే సరిపోతుంది. రెడీమేడ్ మాడ్యూల్‌లో మామూలుగా ఆ రెసిస్టర్ ముందే ఉంటుంది, అందుకే అక్కడ సమస్య రాదు, సంగతీ తెలియదు.

వాడని పిన్‌లన్నిటినీ గ్రౌండ్ చేయడం. వాడని సీమాస్ ఐసీ (74హెచ్‌సీ రకం లాంటివి) ఇన్‌పుట్‌ను పవర్‌కో గ్రౌండ్‌కో కట్టాలి, వదిలేస్తే గాలికి ఊగుతుంది. వాడని అవుట్‌పుట్‌ను మాత్రం ఖాళీగా వదలాలి. దాన్ని గ్రౌండ్ చేస్తే అది పైకి నెట్టినప్పుడల్లా షార్టే.

74హెచ్‌సీ245 దిశను నడుస్తుండగా మార్చడం. ముందు 19వ పిన్‌ను పైకి తెచ్చి మౌనం చేయండి, అవతలివాళ్లు వినడానికి సిద్ధమయ్యాక దిశ మార్చండి, ఆ తర్వాత 19ని దించండి.

ప్రోగ్రాంలో దిశ మర్చిపోవడం. ఆర్డుయినో ఉనోలో ఉండే ఏటీమెగా328పీ రీసెట్ కాగానే దాని ఐ/ఓ కాళ్లన్నీ ఇన్‌పుట్‌లే. డయాగ్రంలో రెండు మొనల బాణం ఉంటే ప్రోగ్రాం చెప్పేదాకా అది వినేదే. ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 వరకు జీపీఐఓలు (నంబరు వేసిన ఐ/ఓ పిన్‌లు) ఎంత చెప్పినా ఇన్‌పుట్‌లే, లోపల పుల్-అప్ కూడా లేదు. పాలమూరు నుంచి ఒక తమ్ముడు 35కి రిలే కట్టి వారం రోజులు ప్రోగ్రాం దిద్దుతూ కూర్చున్నాడు. తీగను 25కి మార్చమంటే అయిపోయింది.

రిలే మాడ్యూల్ తలకిందులు. మన దగ్గర దొరికే చాలా రిలే మాడ్యూళ్లలో ఇన్‌పుట్ కింద ఉంటే రిలే పడుతుంది. డయాగ్రం చూస్తే ఇన్‌పుట్ మీద సున్నా గానీ, పైకి కట్టిన ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే ఐసీ) ఎల్ఈడీ గానీ కనిపిస్తుంది. ప్రోగ్రాంలో ముందు పిన్‌ను పైన పెట్టి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా మార్చండి. వరస తిరగబడితే కరెంటు వచ్చిన ప్రతిసారీ రిలే ఒకసారి టక్కుమంటుంది. లైటుకైతే సరే, బోరు మోటారుకు ఆ టక్కు మంచిది కాదు.

9. సొంతంగా కైకాడ్ సాఫ్ట్‌వేర్‌లో డయాగ్రం గీస్తుంటే

పిన్‌కు రెండు వేర్వేరు సెట్టింగులు ఉంటాయి. ఎలక్ట్రికల్ టైప్ అంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ లాంటివి. గ్రాఫిక్ స్టైల్ అంటే సున్నా, క్లాక్ త్రిభుజం లాంటివి. ఈఆర్‌సీ అనే తనిఖీ మొదటిదాన్నే చూస్తుంది. బొమ్మ ఎంత చక్కగా గీసినా టైప్ తప్పైతే తనిఖీ తప్పే చెబుతుంది.

"పవర్ ఇన్‌పుట్ పిన్‌ను ఏ పవర్ అవుట్‌పుట్టూ నడపడం లేదు" అనే ఎర్రర్ అందరికీ వస్తుంది. అడాప్టర్ సాకెట్ పిన్‌లు పాసివ్ కాబట్టి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కైకాడ్‌కు తెలియదు. ఆ తీగకు, గ్రౌండ్‌కు ఒక్కో పవర్ ఫ్లాగ్ (కరెంటు ఇక్కడి నుంచి వస్తుందని చెప్పే గుర్తు) తగిలించండి.

రెండు అవుట్‌పుట్‌లు కలిశాయన్న ఎర్రర్ వస్తే మాత్రం ఆగి చూడండి. టైప్‌ను పాసివ్ అని మార్చి ఎర్రర్ మాయం చేసేవాళ్లను చాలామందిని చూశా. అది జ్వరం తగ్గలేదని థర్మామీటర్ పగలగొట్టడం. అవి నిజంగా ఓపెన్ కలెక్టర్ పిన్‌లైతే టైప్ అలాగే సరిచేయండి, కాకపోతే తీగ తప్పు. కావాలని వదిలేసిన పిన్ మీద ఇంటూ గుర్తు పెట్టండి, తర్వాత చూసేవాళ్లకు అది మరపు కాదని తెలుస్తుంది.

10. పవర్ ఇచ్చే ముందు

- ప్రతి తీగ మీదా నీలం చుక్కలు లెక్కపెట్టానా?
- ఓపెన్ కలెక్టర్ ఉన్న ప్రతి తీగకూ పుల్-అప్ గానీ, రిలే కాయిల్ లాంటి లోడ్ గానీ ఉందా?
- రెండు మొనల బాణం ఉన్న ప్రతి పిన్‌కూ దిశ తిప్పేది ఏదో తెలుసా?
- సున్నా ఉన్న పిన్‌లు ఇప్పుడు ఏ స్థితిలో కట్టి ఉన్నాయి? రీసెట్, ఎనేబుల్ ముందు చూడండి.
- వాడని ఇన్‌పుట్‌లు కట్టానా, వాడని అవుట్‌పుట్‌లు వదిలానా?
- రెండు బోర్డుల గ్రౌండ్‌లు కలిసి ఉన్నాయా? అది లేకపోతే మాట పోదు.
- మాట్లాడే పిన్ వోల్టేజీ, వినే పిన్ తట్టుకునే వోల్టేజీ సరిపోతున్నాయా?
- అనుమానం ఉన్న తీగల్లో 1కే పెట్టానా?

పవర్ ఇచ్చాక పది సెకన్లు మీటర్ వదిలేసి, ఒక్కో ఐసీ మీద వేలు ఆనించి చూడండి. ఇది 12 వోల్టుల అడాప్టర్ మీదున్న బోర్డుకు మాత్రమే. ఏదైనా ఐసీ చురుక్కుమంటే వెంటనే పవర్ తీసేసి, దాని నీలం చుక్కలున్న తీగలను మళ్లీ మొదటి నుంచి వేలితో పట్టుకోండి.